పెయ్య ఎదిగేదాకా ధర దిగదు

మా ఊళ్ళో పండగకు యాటను కోస్తే తక్కెడ బయటికి తీసేవాళ్ళు కాదు. తాటాకులు పరిచి వాటి మీద పోగులు వేసేవాళ్ళు. పది ఇళ్ళు కలిస్తే పది పోగులు. ప్రతి పోగులోనూ కాస్త మెత్తటి కండ, కాస్త ఎముక, చిన్న కార్జం ముక్క, గుప్పెడు బోటి పడాలి. ఎవరి పోగు పెద్దదైందని ఎవరైనా గొణిగితే అందులోంచి ఒక ముక్క తీసి పక్క పోగులో వేసేవాళ్ళు. ఆ యాట ఎవరి మందలోదో, ఏ బీట్లో మేసిందో, ఎవరు కోశారో పిల్లలకు కూడా తెలుసు.

అమెరికాలో ఇప్పుడు చాలా కుటుంబాలు గొడ్డుమాంసాన్ని ఈ పద్ధతిలోనే కొంటున్నాయి. దగ్గర్లోని రైతు దగ్గరికి వెళ్ళి పావు గొడ్డో, సగం గొడ్డో మాట్లాడుకుని, ఇంట్లో పెద్ద ఫ్రీజరు పెట్టుకుని, ఏడాది పొడుగునా వండుకుంటున్నారు. పావు వాటా తీసుకుంటే ముందుకాలి భాగం, వెనకకాలి భాగం రెండూ కలిపి ఇవ్వాలన్నది అక్కడి రైతుల్లో చాలామంది పాటించే నియమం. ఒకరికి మంచి కండ, ఇంకొకరికి ఎముకలు పోకూడదు కదా. పోగు న్యాయం అక్కడా అదే.

వాళ్ళను రైతు వాకిలికి నడిపిస్తున్నవాటిలో మొదటిది ధర. అమెరికా ప్రభుత్వ లెక్కల్లో 2020 జనవరిలో పౌండు గొడ్డు కైమా సగటు ధర 4 డాలర్లకు కాస్త తక్కువ. పౌండంటే దాదాపు 450 గ్రాములు. 2025 జూన్‌లో అది మొదటిసారి 6 డాలర్లు దాటింది. కైమా అక్కడ పేదవాడి కూర. బర్గరు నుంచి బడి పిల్లల భోజనం దాకా అన్నిట్లో ఉండేది అదే. స్టేకు మానేసినవాళ్ళు కైమాకు దిగుతారు. కైమా కూడా అందకపోతే ఇంక దిగడానికి మెట్టు లేదు.

ఒక మాట ముందే చెప్పాలి. తెలుగు నేల మీద గొడ్డుమాంసం కొన్ని ఇళ్ళల్లో తాతముత్తాతల నాటి కూర, కొన్ని ఇళ్ళల్లో పేరెత్తని పదార్థం. ఆ చర్చ ఈ వ్యాసంలో లేదు. ఇది అమెరికా కథ. అయితే ఈ కథ నడుమ మన ఒంగోలు గిత్త ఒకటి కనిపిస్తుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ధర ఎందుకు పెరిగిందంటే పశువులు తగ్గాయి కాబట్టి. 2025 జనవరి 1 నాటికి అమెరికాలో ఆవులు, ఎద్దులు, దూడలు అన్నీ కలిపి 8.67 కోట్లు. 1951 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేవు. 1975లో 13.2 కోట్లు ఉండేవి. అంటే యాభై ఏళ్ళలో మూడో వంతు మంద మాయమైంది. అయినా మాంసం అంతగా తగ్గలేదు. అప్పటి పశువు కన్నా ఇప్పటి పశువు చాలా బరువు. మేలు జాతులు, మొక్కజొన్న దాణా, దొడ్డిలో ఎక్కువ రోజులు ఉంచి మేపడం ఈ లోటును కప్పుతూ వచ్చాయి. ఒక్కో పశువు మీద మాంసం పెంచడానికీ ఒక హద్దుంటుంది. 

సరే, ధర పెరిగింది కాబట్టి రైతులు పశువుల్ని పెంచుతారు, రెండేళ్ళలో అంతా సర్దుకుంటుంది కదా అని అడగొచ్చు. కోళ్ళయితే నిజంగానే సర్దుకునేది. కోడిపిల్ల గుడ్డులోంచి బయటికొచ్చాక ఆరేడు వారాల్లో అంగడికి చేరుతుంది. పంది నాలుగు నెలలు కూడా మోయదు, ఈతకు పది పిల్లలు పెడుతుంది, ఏడాదికి రెండుసార్లు ఈనుతుంది. ఆవు దగ్గర ఈ లెక్కలు నడవవు. మోయడానికి 283 రోజులు. ఈతకు ఒక్క దూడ. కవలలు పుడితే అది ఊరంతా చెప్పుకునే వార్త.

ఒక పెయ్యదూడ వెంట నడిచి చూద్దాం. నెబ్రాస్కా గడ్డిదిబ్బల్లో 2025 వసంతంలో పుట్టింది అనుకోండి. ఆరేడు నెలలు తల్లి పాలు తాగి, గడ్డి నేర్చుకుని, శరదృతువులో తల్లి నుంచి విడిపోయింది. అక్కడ రైతు ఒక నిర్ణయం తీసుకోవాలి. దాన్ని దాణా దొడ్డికి అమ్మేస్తే ఆ రోజే డబ్బు చేతికొస్తుంది, అదీ ఎప్పుడూ చూడనంత ధర. అమ్మకుండా మందలో ఉంచుకున్నాడనుకుందాం. దానికి పదిహేను నెలలు నిండాక, 2026 వేసవిలో, ఆబోతును కలుపుతారు. చూడి నిలిస్తే 2027 వసంతంలో తొలిచూలు ఈనుతుంది. ఆ దూడ మళ్ళీ తల్లి దగ్గర ఆరేడు నెలలు, పచ్చికలో కొన్ని నెలలు, దాణా దొడ్డిలో నాలుగు నుంచి ఆరు నెలలు గడపాలి. అది కబేళాకు చేరేసరికి 2028 చివరో, 2029 మొదలో అవుతుంది. రైతు ఇవాళ తీసుకున్న నిర్ణయం పళ్ళెంలోకి రావడానికి మూడేళ్ళు పైనే పడుతుంది. ఈలోపు వాన పడాలి, గడ్డి మొలవాలి, బ్యాంకు వడ్డీ కట్టాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ పెయ్యను మందలో ఉంచుకున్నాడంటే, ఈ ఏడు మాంసంగా వెళ్ళాల్సిన ఒక పశువు వెళ్ళలేదన్నమాట. దేశంలో లక్షల మంది రైతులు ఇలాగే చేస్తే మంద పెరగడం మొదలయ్యే ఏడాదే అంగట్లో మాంసం ఇంకా తగ్గుతుంది, ధర ఇంకా ఎక్కుతుంది. తగ్గించడానికి చేసే పనే ముందు పెంచుతుంది. దీనికి తిరగబడ్డ బొమ్మ కరువులో కనిపిస్తుంది. విత్తనాల వడ్లు దంచుకున్న ఏడాది ఇంట్లో అన్నానికి లోటు కనపడదు. లోటు పైయేడు నాట్లప్పుడు తెలుస్తుంది. అమెరికాలో 2022లో జరిగింది అదే. 2020 చివర మొదలైన కరువు పడమటి రాష్ట్రాలనూ టెక్సాస్, ఒక్లహోమా, కాన్సస్ మైదానాలనూ ఎండగట్టింది. చెరువులు ఎండి, ఎండుగడ్డి ధర మండిపోతే రైతులు ముసలివాటినే కాదు, ఈనాల్సిన ఆవుల్నీ, ఎదిగే పెయ్యల్నీ లారీలెక్కించారు. ఆ ఏడు అమెరికా గొడ్డుమాంసం ఉత్పత్తి ఆ దేశ చరిత్రలోనే ఎక్కువ, దాదాపు 2,830 కోట్ల పౌండ్లు. అంగడి నిండుగా ఉంది. నిండింది మాత్రం విత్తనాలతో.

పశువుల సంఖ్య ఇలా పెరుగుతూ తరుగుతూ ఎనిమిది నుంచి పన్నెండేళ్ళకు ఒక చుట్టు తిరుగుతుందని ఆర్థికవేత్తలు వందేళ్ళకు పైగా గమనిస్తున్నారు. ఏ ప్రభుత్వమూ చట్టం చేసి ఈ చుట్టును తొందరపెట్టలేదు. దాని వేగాన్ని నిర్ణయించేది ఆవు గర్భం.

ఇక కైమా సంగతి. ఇది నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన భాగం. దాణా దొడ్డిలో మొక్కజొన్న తిని బలిసిన కోడెను కోస్తే స్టేకులకు పనికొచ్చే భాగాలు పోగా మిగిలే ముక్కల్లో సగం కొవ్వే. సగం కొవ్వున్న కైమాను ఎవరూ కొనరు. దాన్ని అమ్మాలంటే కొవ్వు లేని ఎర్రటి కండ తెచ్చి కలపాలి. లెక్క సులువే. 90 శాతం కండ ఉన్న మాంసం మూడు పాళ్ళు, 50 శాతం కండ ఉన్న మాంసం ఒక పాలు కలిపితే 80 శాతం కండ ఉన్న కైమా వస్తుంది. అమెరికా అంగళ్ళలో ఎక్కువగా అమ్ముడయ్యేది ఆ రకమే.

ఆ మూడు పాళ్ళ ఎర్ర కండ ఎక్కడిది? కొంత వట్టిపోయిన పాడి ఆవులది, మందలోంచి తీసేసిన ముసలి ఆవులది. రైతులు ఆవుల్ని దాచుకునే రోజుల్లో ఈ దారి సన్నబడిపోతుంది. మిగిలినది ఓడల మీద రావాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉరుగ్వే, బ్రెజిల్ దేశాల్లో పచ్చిక మీద తిరిగిన పశువులకు కొవ్వు తక్కువ. అందుకే ప్రపంచంలోనే అతి ఎక్కువ గొడ్డుమాంసం పండించే దేశాల్లో ఒకటైన అమెరికా, అదే మాంసాన్ని దిగుమతి కూడా చేసుకుంటుంది.

ఒంగోలు గిత్త వచ్చేది ఇక్కడే. బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులున్నాయి. వాటిలో అత్యధిక భాగం మూపురం పశువులు. ఆ మూపురం పశువుల్లో రాజ్యమేలే జాతి పేరు 'నెలోర్'. మన నెల్లూరే. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ పశువులు ఓడలెక్కేటప్పటికి ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ పేరే వాటి వెంట వెళ్ళింది. 1960ల మొదట్లో వెళ్ళిన గిత్తల్లో ఒకదాని పేరు 'కర్వాడి'. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరది. బ్రెజిల్ పశుపోషకులు నేటికీ తమ మేలైన పశువుల వంశవృక్షాల్లో ఆ పేరు గర్వంగా చూపిస్తారు. 2023లో అక్కడ ఒక నెలోర్ ఆవుకు వేలంలో కట్టిన విలువ 40 లక్షల డాలర్లకు పైమాటే, అప్పటికి అది ప్రపంచ రికార్డు.

వదులు చర్మం, పొట్టి తెల్ల వెంట్రుకలు, ఎండను తట్టుకునే ఒళ్ళు, పిడుదులకు లొంగని తత్వం. మన కోస్తా ఎండల్లో తయారైన ఈ గుణాలే బ్రెజిల్ ఉష్ణమండలంలో ఆ జాతిని నిలబెట్టాయి. దాని మాంసంలో కొవ్వు చారలు తక్కువ, కండ కొంచెం గట్టి. పశువు చనిపోయాక కండను మెత్తబరిచే కాల్పెయిన్ అనే ఎంజైమును అడ్డుకునే పదార్థం మూపురం పశువుల కండలో ఎక్కువ. స్టేకుకు ఇది లోపం. కైమా యంత్రంలో పడ్డాక గట్టిదనం లెక్కలోకి రాదు, కావలసింది ఎర్ర కండే. అలా ఒంగోలు గిత్త మునిమనవల కండ అమెరికా బర్గరులో కలుస్తోంది. 2025 ఆగస్టులో అమెరికా బ్రెజిల్ సరుకుల మీద అదనంగా 40 శాతం సుంకం వేసింది. ఆ దారి మూసుకుపోయేసరికి కైమాకు కొరత ఇంకా బిగిసింది. నవంబరులో గొడ్డుమాంసం, కాఫీ వంటి వాటి మీద ఆ సుంకం తీసేశారు.

దక్షిణం నుంచి వచ్చే మరో దారిని మూసింది ఒక ఈగ.

మన పల్లెల్లో పశువు పుండులో పురుగు పడటం తెలియని వాళ్ళుండరు. సీతాఫలం ఆకు నూరి పసరు పిండేవాళ్ళు. అమెరికా ఖండాల్లో దీనికన్నా భయంకరమైన బంధువు ఉంది, శాస్త్రీయ నామం కాక్లియోమయా హోమినివొరాక్స్. మామూలు ఈగ పిల్లలు చచ్చిన కండ తింటాయి. ఇది బతికున్న కండను తింటుంది. పిడుదు కరిచిన గాటు, దూడ ఊడని బొడ్డు, కొమ్ము గీరిన చోటు, ఎంత చిన్న గాయమైనా చాలు. ఒక్కసారికి రెండు మూడు వందల గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులో పురుగులై, మర సీలలాగా తలకిందులుగా కండలోకి దూసుకుపోతాయి. చూడకుండా వదిలేస్తే పెద్ద గొడ్డు కూడా వారం రెండు వారాల్లో చచ్చిపోతుంది.

దీన్ని అమెరికా గెలిచిన తీరు ఇరవయ్యో శతాబ్దపు జీవశాస్త్రంలో నాకెంతో ఇష్టమైన కథ. ఎడ్వర్డ్ నిప్లింగ్ అనే కీటక శాస్త్రవేత్త ఒక విషయం పట్టుకున్నాడు. ఆడ ఈగ జీవితంలో ఒక్కసారే జత కడుతుంది. అయితే సంతానం కలగని గొడ్డు మగ ఈగల్ని కోట్లలో పెంచి వదిలితే? వాటితో జత కట్టిన ఆడది పెట్టే గుడ్లు పొదగవు. నిప్లింగ్, ఆయన సహచరుడు రేమండ్ బుష్‌లాండ్ ఈగల ప్యూపాలకు రేడియేషన్ పెట్టి వాటిని గొడ్డువి చేశారు. 1954లో కురసావ్ అనే చిన్న దీవిలో వదిలారు. కొన్ని నెలల్లో అక్కడి మేకల పుళ్ళలో పురుగు లేకుండా పోయింది. విషం చల్లకుండా, ఒక్క పశువుకు మందు పూయకుండా. తర్వాత ఫ్లోరిడా, టెక్సాస్, మెక్సికో, మధ్య అమెరికా, అలా ఒక్కో దేశం దాటుకుంటూ ఆ ఈగను పనామా కొసదాకా తరిమారు. అక్కడ ఒక కర్మాగారంలో వారానికి కోట్ల గొడ్డు ఈగల్ని పెంచి విమానాల్లోంచి చల్లుతూ, కంటికి కనపడని గోడ కట్టారు. ఆ ఇద్దరికీ 1992లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

2023లో ఆ గోడ తెగింది. ఈగ ఉత్తరానికి నడిచి 2024 నవంబరులో మెక్సికో చేరింది. మెక్సికో నుంచి ఏటా పది లక్షలకు పైగా దూడలు అమెరికా దాణా దొడ్లకు వచ్చేవి. అమెరికా సరిహద్దు మూసింది, తెరిచింది, 2025 మేలో మళ్ళీ మూసింది, జులైలో ఒక్క ద్వారం తెరిచి రెండు రోజులకే మూసేసింది. సెప్టెంబరులో సరిహద్దుకు 70 మైళ్ళ లోపు ఒక పశువులో పురుగు బయటపడింది. టెక్సాస్‌లో వారానికి 30 కోట్ల గొడ్డు ఈగల్ని తయారుచేసే కర్మాగారం కట్టబోతున్నట్టు ప్రకటించారు. ఒకసారి గెలిచాం కదా అని కాపలాలో ఏమరితే మళ్ళీ మొదటికొస్తుందని పశువైద్యులు ఎన్నేళ్ళుగానో చెబుతూనే ఉన్నారు.

ఇంత కొరత ఉంటే లాభం ఎవరిది? అమెరికాలో దాణా దొడ్లలో మేపిన పశువుల్లో దాదాపు 85 శాతం నాలుగే కంపెనీల కబేళాలకు వెళ్తాయి. టైసన్, కార్గిల్, నేషనల్ బీఫ్, బ్రెజిల్‌కు చెందిన జేబీఎస్. 2020 వసంతంలో కోవిడ్ ఆ కబేళాల్లో పాకి, కొన్ని మూతపడ్డప్పుడు ఒక వింత కనిపించింది. ఒకవైపు అమ్ముడుపోని పశువులతో రైతు, ఇంకోవైపు ఖాళీ అరల ముందు కొనేవాడు. మాంసం ధర ఎక్కింది, పశువు ధర పడింది, నడుమ ఉన్నవాళ్ళకు మిగిలింది. ఇప్పుడు తూకం రైతు వైపు తిరిగింది. పశువులు కరువై రైతుకు మంచి ధర వస్తోంది, కబేళాలకు పని లేదు. టైసన్ నెబ్రాస్కాలోని లెక్సింగ్టన్‌లో ఉన్న పెద్ద కబేళాను 2026 జనవరిలో మూసేస్తున్నట్టు ప్రకటించింది. 3,200 ఉద్యోగాలు. పదివేల పైచిలుకు జనం ఉండే ఊరది. రైతుకు పలికిన ధరను చూసి సంతోషించేవాళ్ళు ఆ ఊరి ఇళ్ళ గురించి కూడా ఆలోచించాలి.

అమెరికన్లు మొదటిసారి పెద్ద ఎత్తున రైతు వాకిలి తట్టింది ఆ 2020లోనే. తట్టాక వాళ్ళకు ఒక నిజం తెలిసింది. పశువు ఉంది, కొనేవాడు ఉన్నాడు, కోసేవాడు లేడు. పల్లెల్లో చిన్న కసాయి కొట్లు దశాబ్దాలుగా మూతపడుతూ వచ్చాయి. మిగిలిన కొట్ల దగ్గర పైయేడు దాకా తేదీలు నిండిపోయాయి. పుట్టని దూడకు కూడా కసాయి దగ్గర తేదీ రాయించుకున్న రైతులున్నారు. 2022 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఇలాంటి చిన్న, స్వతంత్ర కబేళాల కోసం 100 కోట్ల డాలర్లు కేటాయిస్తామంది. స్థానిక మాంసం అనగానే అందరూ పచ్చిక బయలునూ రైతునూ చూపిస్తారు. నా మటుకు నాకు దాని ఆయువుపట్టు కత్తి పట్టే మనిషి చేతిలో ఉందనిపిస్తుంది. కళేబరాన్ని కీలుకు కీలు విడదీసే పని రెండు నెలల్లో వచ్చే విద్య కాదు.

రైతు మాంసం ముక్కలు ఎందుకు అమ్మడు, వాటాయే ఎందుకు అమ్ముతాడు అన్నదానికి జవాబు చట్టంలో ఉంది. అప్టన్ సింక్లెయిర్ నవల 'ది జంగిల్' షికాగో కబేళాల కుళ్ళు బయటపెట్టాక, 1906లో అమెరికా మాంస తనిఖీ చట్టం తెచ్చింది. దాని ప్రకారం పౌండు మాంసం అమ్మాలన్నా ప్రభుత్వ తనిఖీదారు కళ్ళముందు కోసి ముద్ర వేయాలి. అయితే తన పశువును తన ఇంటి కోసం కోయించుకునేవాడికి మినహాయింపు ఉంది. అందుకే రైతు బతికున్న పశువులో మీకు పావు అమ్ముతాడు. ఆ క్షణం నుంచి మీరు దాని యజమాని. కసాయి కోసేది మీ పశువును. పొట్లాల మీద 'అమ్మకానికి కాదు' అని ముద్ర ఉంటుంది. దాన్ని మీరు ఇరుగుపొరుగుకు అమ్మితే నేరం.

ఇప్పుడు అసలు లెక్క. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 1,200 పౌండ్ల కోడె అనుకోండి. తల, తోలు, కాళ్ళు, పేగులు, నెత్తురు పోగా కొక్కేనికి వేలాడేది 62 శాతం, దాదాపు 740 పౌండ్లు. రైతు చెప్పే ధర ఎక్కువగా ఈ వేలాడే బరువు మీదే. ఆ తర్వాత ఆరే నీరు, తీసేసే ఎముక, కొవ్వు పోను పొట్లాల్లోకి వచ్చేది దాంట్లో 65 శాతం, సుమారు 480 పౌండ్లు. పావు వాటాకు 120 పౌండ్లు, అంటే 54 కిలోలు. రైతు వేలాడే బరువు మీద పౌండుకు నాలుగున్నర డాలర్లు అడిగాడనుకుందాం. పావుకు 185 పౌండ్ల లెక్కన 830 డాలర్లు. కోసినందుకు, ముక్కలు చేసి కట్టినందుకు ఇంకో 250. మొత్తం 1,080. చేతికొచ్చిన 120 పౌండ్ల మీద పంచితే పౌండు 9 డాలర్లు. నాలుగున్నర అనుకున్నది తొమ్మిదైంది. రైతు మోసం చేయలేదు, మనం అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

9 డాలర్లు ఎక్కువా తక్కువా? అందులో దాదాపు సగం కైమాయే. ఆ కైమా 2025 జూన్‌లో అంగట్లో 6 డాలర్లకు కాస్త పైన దొరికింది. స్టేకు ముక్కలు మాత్రం అంగట్లో 12, 14, కొన్ని 20 డాలర్లు పలుకుతాయి. అన్నీ తినే ఇంటికి లెక్క సరిపోతుంది. కైమా మాత్రమే వండుకునే ఇంటికి ఇది నష్టం. ఎముకలు, నాలుక, కార్జం, తోక వద్దనే ఇంటికి ఇంకా నష్టం. పోగు తీసుకున్నవాడు పోగంతా వండుకోవాలి.

వేయి డాలర్లు ఒక్కసారి తీయగలవాళ్ళకూ, ఇంట్లో ఫ్రీజరుకు చోటున్నవాళ్ళకూ మాత్రమే ఈ దారి ఉందన్నది కూడా మరవకూడదు. 35 నుంచి 40 పౌండ్లకు ఒక ఘనపుటడుగు చోటు కావాలి, పావు వాటాకు దాదాపు నాలుగు ఘనపుటడుగులు. ధర పెరిగి అందరికన్నా నలిగిపోయేది అద్దె గదిలో ఉండే కూలి మనిషి. ఆ మనిషికి ఈ దారి మూసే ఉంది. తెలంగాణ దళితవాడల్లో ఫ్రీజరు అనే మాట తెలియని రోజుల్లోనే వాటాకు వచ్చిన పెద్ద కూరను పొడుగ్గా కోసి, ఉప్పు పసుపు పట్టించి, దండెం మీద ఎండబెట్టి తునకలు చేసుకునేవాళ్ళు. నీరు తీసేస్తే సూక్ష్మజీవికి బతుకు లేదన్న శాస్త్రం వాళ్ళ చేతుల్లో ఉంది. నెలల తరబడి నిల్వ, ఖర్చు ఉప్పూ పసుపూ మాత్రమే.

రుచిలో తేడా ఉంటుందా? ఉంటుంది, దానికి కారణం ఊరి గాలి కాదు, ఓపిక. మన దగ్గర పొద్దున కోసిన యాట మధ్యాహ్నానికి పొయ్యి మీద ఉంటుంది. చల్లటి గదిలో, గడ్డకట్టనివ్వకుండా, పది నుంచి పద్నాలుగు రోజులు కళేబరాన్ని వేలాడదీస్తే ఇందాక చెప్పిన కాల్పెయిన్ ఎంజైములు కండ పోగుల్ని నెమ్మదిగా తెంపుతాయి. కొంత నీరు ఆరి రుచి చిక్కబడుతుంది. చిన్న కసాయి ఇలా వేలాడదీస్తాడు. గడ్డి మాత్రమే మేసిన పశువయితే కొవ్వు పసుపుపచ్చగా ఉంటుంది. అది గడ్డిలోని కెరోటిన్. పాడైందని పారేయకండి.

స్థానికం అనగానే శుభ్రం అనుకోవడం మాత్రం ప్రమాదం. ఈ.కొలై ఓ157 అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న పశువు పేగుల్లో హాయిగా ఉంటుంది, గడ్డి తిన్నదైనా, దాణా తిన్నదైనా. 1993లో అమెరికాలో సరిగా ఉడకని బర్గర్ల వల్ల 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ముక్క మీదున్న సూక్ష్మజీవి పైపైనే ఉంటుంది, వేడికి చస్తుంది. కైమా చేస్తే పైన ఉన్నది లోపలికి పోతుంది. పెద్ద కర్మాగారంలో ఒక పొట్లం కైమాలో ఎన్నో పశువుల కండ కలుస్తుంది. మీ వాటాలో ఒక్క పశువే. అవకాశం తగ్గింది, పోలేదు. లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడకాల్సిందే. ఎర్రెర్రగా తినే అలవాటు లేని మన వంటిళ్ళకు ఈ ఒక్క విషయంలో బెంగ తక్కువ.

ఇక దగ్గర్లో కొంటే భూమికి మేలన్న మాట. 2008లో క్రిస్టఫర్ వెబర్, స్కాట్ మాథ్యూస్ అనే పరిశోధకులు అమెరికన్ల ఆహారం మీద లెక్క కట్టారు. ఆహారం వల్ల వెలువడే వేడి వాయువుల్లో రవాణా అంతా కలిపి 11 శాతం, చివరిగా అంగడికి చేర్చే ప్రయాణం 4 శాతం. మిగిలినదాంట్లో చాలా భాగం పండించడంలోనే. ఆవు నెమరు వేస్తూ తేన్చే మీథేను దగ్గరి పొలంలోనైనా దూరపు పొలంలోనైనా ఒకటే. భూమి కోసమే అయితే తక్కువ తినడం ఒక్కటే నిజమైన పని.

మరి స్థానికంగా కొనడంలో మిగిలేదేమిటి? ధర తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఊరి రైతు ఆవు కూడా 283 రోజులే మోస్తుంది. ఊరి రైతు కూడా అదే ఎండుగడ్డి కొంటాడు, తన కోడెకు సంతలో ఎంత పలుకుతుందో అతనికీ తెలుసు. కొనేవాడికి దొరికేది నిలకడ. ఏడాదికి సరిపడా కూర ఒకే ధరకు ఇంట్లో ఉంటుంది. రైతుకు దొరికేది నమ్మకమైన చేయి. అమెరికాలో మాంసపు ఆవులున్న రైతు దగ్గర సగటున ఉండేవి యాభై లోపే. నాలుగు కంపెనీల ముందు అతను పిపీలికం. నలుగురు ఇరుగుపొరుగు ఒక గొడ్డును పంచుకుంటే ఆ ఒక్క గొడ్డు మేరకు ధర చెప్పేది అతనే. ఒక పెయ్యను అమ్మకుండా ఉంచుకునే ధైర్యం అలాంటి ఏడాదుల్లోనే వస్తుంది.

డల్లాస్ చుట్టుపక్కలా న్యూజెర్సీలోనూ ఉండే మన తెలుగు కుటుంబాలు శనివారం పొద్దున్నే కలిసి ఊరి బయటి ఫారానికి వెళ్ళి మేకను కొని కోయించి పంచుకోవడం ఎప్పటినుంచో చేస్తున్నాయి. అంగళ్ళలో దొరికే గడ్డకట్టిన మేకమాంసం ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి వచ్చిందే కాబట్టి, తాజా కూర మీద మమకారం వాళ్ళకు ఈ దారి చూపించింది. మేక ఐదు నెలలే మోస్తుంది, తరచూ రెండేసి పిల్లల్ని పెడుతుంది, దాని చుట్టు చిన్నది. గొడ్డు వాటా ఆలోచిస్తున్నవాళ్ళు కూడా వాళ్ళలో ఉంటారు. వాళ్ళకు ఒక మాట. రైతు చెప్పే ధర బతికున్న బరువు మీదా, వేలాడే బరువు మీదా, పొట్లంలోని బరువు మీదా అన్నది ముందు అడగండి. ఎన్ని రోజులు వేలాడదీస్తారో అడగండి. ఎముకలు, కార్జం మాకే ఇవ్వండని చెప్పండి. కసాయి దగ్గర తేదీ ఎప్పుడు దొరుకుతుందో కనుక్కున్నాకే బయానా ఇవ్వండి. వీలైతే ఆ పొలానికి ఒకసారి వెళ్ళి, మందలో ఈ ఏడు ఎన్ని పెయ్యల్ని ఉంచుకున్నారో చూసి రండి. 2029లో మీరు కొనబోయే కూర ధర ఆ పెయ్యల మీదే ఆధారపడి ఉంది.